కేబుల్ ఆపరేటర్ గారి అబ్బాయికి హ్యాకింగ్ కోర్సు అవసరమా?

ప్రశ్న: రాజోలు దగ్గర పల్లెలో 22 ఏళ్లుగా కేబుల్ నడుపుతున్నానండి. ఒకప్పుడు 900 కనెక్షన్లు, ఇప్పుడు 340. పైరసీ మా నోట్లో మట్టి కొట్టింది. మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా పూర్తి చేశాడు. కంప్యూటర్లో దిట్ట, కొత్త సినిమా వచ్చిన రోజే టెలిగ్రామ్ గ్రూపులో పెట్టేస్తాడు. వాడికి ఈ లైను వద్దనుకుంటున్నాం. హైదరాబాద్‌లో 6 నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకి 1,20,000 అడుగుతున్నారు. అందులో చేర్చమంటారా, బీటెక్‌లోనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. పైరసీ మీ నోట్లో మట్టి కొట్టిందన్నారు. ఆ వెంటనే మీ అబ్బాయి రిలీజ్ రోజే సినిమా గ్రూపులో పెడతాడని మురిసిపోయారు. కోర్సు సంగతి తర్వాత, ముందు ఇది తేలాలి.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. థియేటర్లో దొంగచాటుగా సినిమా రికార్డు చేస్తే కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా. శిక్ష మూడేళ్ల దాకా పెరగవచ్చు. డబ్బు తీసుకోకుండా ఊరికే పంచినా కాపీరైట్ చట్టం ఉంది. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు చేసిన అరెస్టు మీరూ టీవీలో చూసే ఉంటారు. రేపు మీవాడి పేరు మీద కేసు పడితే ఏ కంపెనీ వెరిఫికేషన్ దాటుతాడు? పాస్‌పోర్ట్ ఎలా వస్తుంది? పిల్లాడికి తెలియదనుకుందాం, మీకేమైంది? మనవైపు లోకల్ ఛానళ్లలో పండగపూట ఏ ప్రింట్లు వేసేవారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది చూస్తూ పెరిగినవాడికి తప్పని చెప్పిందెవరు?

ఇక మీ కనెక్షన్లు. అవి ఒక్క పైరసీ వల్లే పోలేదండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది. 2019లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ తెచ్చాక, ఛానళ్ల ధర కలపకముందే కనెక్షన్ రుసుము 130 రూపాయల దాకా, దానిమీద జీఎస్టీ పడేవి. ఇంట్లో పెద్దావిడ చూసేది రెండు సీరియల్ ఛానళ్లు, ఒక భక్తి ఛానల్. ప్యాకేజీలో వచ్చేవి వంద పైన. బిల్లులో ఒక్కో ఛానల్ ధర కనబడేసరికి జనం లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. డీటీహెచ్ వాళ్లదీ ఇదే కథ. 2021లో దాదాపు 7 కోట్లున్న కనెక్షన్లు 2025కి 6 కోట్ల లోపుకి వచ్చేశాయి. ఓటీటీలకు మారినవాళ్లకైనా సుఖముందా? ఒక సినిమా ఒక యాప్‌లో, మరోటి ఇంకో యాప్‌లో, క్రికెట్ వేరేచోట. ఇన్నిటికి కట్టలేక విసిగిపోయినవాళ్లలో కొందరు దొంగ సైట్లకి పోతున్నారు. అందుకే కంపెనీలు మళ్లీ ఇంటర్నెట్, యాప్‌లు, ఛానళ్లు కలిపి ఒకే బిల్లుగా అమ్ముతున్నాయి. ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లో 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను ఇచ్చింది మీలాంటి ఆపరేటర్ల చేతుల మీదుగానే కదా. వైర్‌లెస్ నెట్ పల్లెలకీ వస్తోంది, పోటీ లేదనను. కానీ ఇంటికి నెట్ అక్కర్లేదనే రోజు మాత్రం నాకు కనుచూపు మేరలో లేదు.

హ్యాకింగ్ కోర్సు గురించి ఏడాదిలో ఎంతమంది అడుగుతారో లెక్కలేదు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. సైబర్ సెక్యూరిటీ, అంటే కంప్యూటర్లని దొంగల నుంచి కాపాడే ఉద్యోగాలు లేక కాదు. నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో, సర్వర్లని నడిపే లైనక్స్ అంటే ఏంటో సరిగా రాని పిల్లలకి 6 నెలల్లో టూల్స్ పేర్లు బట్టీ పట్టించి సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఆ పునాదే. వంద శాతం ప్లేస్‌మెంట్ అని ఫోన్లో చెప్పినవాళ్లని ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. అమ్మిన అరటితోట డబ్బుతో ఇలా చేరి, ఏడాది తిరక్కుండా ఇంటికొచ్చేసిన కుర్రాళ్లు నా ముందు కూర్చుని ఏడ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయిన వానాకాలం అంబాజీపేట దగ్గర కొబ్బరిమట్ట పడి ఫైబర్ తెగింది. ఇరవయ్యేళ్ల కుర్రాడు గట్టు మీద తెగిన ఫైబర్‌ని అతికించే స్ప్లైసింగ్ మెషీన్ పెట్టుకుని, వెంట్రుకంత పోగుల్ని రంగుల వారీగా విడదీసి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ అనే కత్తెరతో కొసలు నున్నగా కోసి మెషీన్‌లో పెట్టాడు. స్క్రీన్ మీద అతుకు దగ్గర సిగ్నల్ లాస్ 0.02 అని వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. పక్కన పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆ పని మీ ఇంట్లో ఉంది. మీవాడు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు.

మీరు అడిగింది కోర్సు గురించే గానీ, 22 ఏళ్ల కష్టంలో కొడుకు చేతిలో పెట్టడానికి ఏమీ మిగల్లేదన్నది మీ అసలు బాధ అని నాకు అర్థమైంది. అలా అనుకోకండి. ఇన్ని మార్పులొచ్చినా 340 ఇళ్లు మిమ్మల్ని వదల్లేదు. నెట్ పోతే రాత్రి పదింటికైనా మీకే ఫోన్ చేస్తారు.

డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ సెకండియర్లో ఈసీఈలోనే చేర్పించండి. సెలవుల్లో లైను పని, నెట్‌వర్కింగ్ నేర్చుకోనివ్వండి. అప్పటికీ సెక్యూరిటీ మీదే మనసుంటే చదువు మీద పట్టుతో వెళతాడు. మ్యాచ్ మధ్యలో స్క్రీన్ మీద ఒక నంబరు మెరిసి పోతుంది చూడండి. ఏ బాక్సు నుంచి దొంగిలించారో దాంతోనే పట్టుకుంటారు. అది ఎలా పనిచేస్తుందో వాణ్ణి అడగండి, ఆసక్తి ఎటువైపుందో మీకే తెలుస్తుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని ఆ గ్రూపు మూయించండి. తిట్టొద్దు. లోకల్ ఛానల్ సంగతి వాడు ఎత్తితే ఒప్పేసుకోండి. ఆ 1,20,000 ఇప్పుడే ఎవరికీ కట్టకండి. మంచి స్ప్లైసింగ్ మెషీన్ ఎంతకొస్తుందో ముందు వాణ్ణే కనుక్కు రమ్మనండి.