రన్నింగ్ షూస్ కొనేముందు నీ కాలు చూసుకోరా

ఒరేయ్ చిన్నోడా,

పరుగు మొదలెట్టా బాబాయ్ ఏ షూస్ కొనమంటావ్ అని నాలుగు ఫోటోలు పంపావ్ చూడు, నాలుగూ రంగు చూసి ఎంచుకున్నవేనని చూడగానే తెలిసిపోయింది. తప్పేం లేదులే, నేనూ అలానే మొదలెట్టా. నా మొదటి జత సగం రేటుకి వస్తోందని ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేశా, సైజు కూడా రోజూ వేసుకునే బూట్ల సైజే, ఇంట్లో నాలుగడుగులు వేస్తే బానే ఉంది, తీరా ఓ రోజు పల్లం రోడ్డు మీద గంటసేపు పరిగెత్తొచ్చి సాక్స్ తీస్తే కుడికాలి బొటనవేలి గోరు కింద సిరా ఒలికినట్టు నల్లగా కమిలిపోయి ఉంది. ఆ గోరు ఊడి కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పట్టిందిరా.

ఎందుకంటే పరిగెత్తేటప్పుడు పాదం ప్రతి అడుగుకీ కాస్త ముందుకి జారుద్ది, వెడల్పవుద్ది, దూరం పెరిగేకొద్దీ ఉబ్బుద్ది కూడా. అందుకే నిలబడి చూసుకున్నప్పుడు వేళ్ల ముందు ఓ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, అదీ అన్నిటికన్నా పొడుగు వేలి ముందు, కొందరికి అది బొటనవేలు కాదు పక్కనున్న రెండోది. రెండు పాదాలూ ఒక్క సైజులో ఉంటాయనుకోకు, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకో. షాపుకి సాయంత్రం పూట వెళ్లు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్స్ కూడా పట్టుకెళ్లు, షాపోడిచ్చే పల్చటి సాక్స్‌తో చూసుకుంటే లెక్క మొత్తం తప్పుద్ది.

ఇక ఎక్కడ కొనాలి అంటావా, మొదటి జత మాత్రం రన్నింగ్ సామాన్లే అమ్మే షాపులో కొను, కాస్త ఎక్కువైనా సరే. అక్కడైతే ట్రెడ్‌మిల్ మీదో షాపు బయటో ఓ రెండు నిమిషాలు పరిగెత్తనిస్తారు. పరిగెత్తనివ్వకపోతే థాంక్స్ చెప్పి బయటికొచ్చెయ్. మడమ లోపల పైకీ కిందకీ జారుతోందా, పక్కల నొక్కుతోందా చూసుకో, "నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది సార్" అంటే నమ్మకు, షాపులో నొక్కేది రోడ్డు మీద కొరుకుద్ది. పొడవు సరిపోయి పక్కల బిగుతుగా ఉంటే సైజు పెంచకు, అదే మోడల్లో వైడ్, అంటే వెడల్పు ఎక్కువుండే రకం, ఉందా అని అడుగు.

కొందరు పాదం కింద కాగితం పెట్టి ముద్ర చూసి నీది ఫ్లాట్ ఫుట్, అరికాలు చదునుగా ఉంది, ఈ ఖరీదైన జతే కొనాలి అని భయపెడతారు. అమెరికాలో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్, మెరీన్స్‌లో కొత్తగా చేరినోళ్లకి అరికాలి ఆకారాన్ని బట్టి షూస్ ఇచ్చి చూశారు, దెబ్బలేం పెద్దగా తగ్గలేదు. నన్నడిగితే మూడు నాలుగు జతలు వేసి చూసి, ఏది కాలికి ఉన్నట్టే తెలీకుండా ఉందో అది తీసుకో. సోల్ లోపల గట్టి కార్బన్ పలక ఉండే ఆ కార్బన్ ప్లేట్ షూస్ జోలికి మాత్రం ఇప్పుడే పోకు, అవి రేసుల్లో సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్లకి. మడమ దగ్గరా వేళ్ల దగ్గరా సోల్ ఒకే ఎత్తుండే జీరో డ్రాప్ షూస్ కూడా ఇప్పుడే వద్దు, అలవాటు లేకపోతే పిక్కలు పట్టేస్తాయి.

షూస్ లేకపోయినా పర్లేదుగా అని వాదిస్తావని తెలుసు, ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్లతో మారథాన్ గెలిచాడు నిజమే, కానీ అక్కడ దొరికిన షూస్ కాలికి సరిగ్గా కుదరకే వాటిని పక్కన పెట్టాడంటారు, నాలుగేళ్లకి టోక్యోలో షూస్ వేసుకుని మళ్లీ గెలిచాడు. నేను చెప్పేదీ అదేగా.

ఒకసారి నీకు పడే మోడల్, సైజు తెలిశాక ఆన్‌లైన్ మంచిదే, కొత్త వెర్షన్ రాగానే పాతది బాగా తగ్గుద్ది, అప్పుడు పట్టు. కానీ పేరొకటే కదా అని కొత్త వెర్షన్ కళ్లు మూసుకుని కొనకు, ఒక్కోసారి ముందు భాగం ఇరుకు చేసేస్తారు. రిటర్న్ రూల్స్ ముందే చదువు, బయట తొక్కితే చాలాచోట్ల వెనక్కి తీసుకోరు, అందుకే మొదట రెండ్రోజులు ఇంట్లోనే వేసుకుని తిరుగు.

మడమ జారితే షూ మార్చేముందు ఓ పని చెయ్, పైన చివర్లో కాస్త వెనక్కి ఇంకో చిల్లు ఉంటుంది చూడు, ఎవరూ వాడరు, లేసుని అదే పక్క అందులోకి దూర్చి చిన్న లూప్ చేసి, రెండో పక్క లేసుని ఆ లూప్‌లోంచి లాగి కట్టు, మడమ గట్టిగా కూర్చుంటుంది.

వాషింగ్ మెషిన్లో వెయ్యకు, తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టు. 500 నుంచి 800 కిలోమీటర్లకి లోపలి ఫోమ్ చచ్చిపోద్ది, పైకి కొత్తగానే కనిపిస్తుంది కాబట్టి మనకి తెలీదు, నేనైతే కొన్న రోజే షూ నాలుక లోపల పెన్నుతో తేదీ రాసుకుంటా. నువ్వూ రాసుకో, మీ అన్నయ్య అవి తనవంటే చూపించడానికైనా పనికొస్తుంది.

మీ బాబాయ్