ఐరిష్ కాఫీలో క్రీమ్ ఎందుకు మునిగిపోతుంది, అసలు ఆ పానీయం ఎక్కడిది?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. ఇంట్లో చేసిన ఐరిష్ కాఫీలో (తీపి కలిపిన వేడి కాఫీ, విస్కీ మీద చల్లటి క్రీమ్ నిలిపే పానీయం) క్రీమ్ పైన నిలవకుండా కలిసిపోయి మామూలు పాలకాఫీ ఎందుకు అయిపోయింది అన్నది ఒకటి. ఈ పానీయం నిజంగా ఐర్లండులో పుట్టిందా, లేక శాన్‌ఫ్రాన్సిస్కోలోనా అన్నది రెండోది. వేరువేరు ప్రశ్నల్లా కనిపించినా ఈ రెండింటినీ కలిపే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కాక్‌టెయిల్ చరిత్రలో సగం ఆ క్రీమును పైకి తేల్చడానికి పడిన పాట్లే. నేను ఐర్లండులోని లిమెరిక్ నగరంలో చదువుకునే రోజుల్లో అక్కడి ఒక హోటల్ బార్‌లో సాయంత్రాలు పనిచేశాను. చలికాలంలో భోజనం ముగించిన వారు ఎక్కువగా అడిగేది ఇదే కనుక, చేతికి బాగా అలవాటైన సంగతులే రాస్తున్నాను.

ముందు పుట్టుక. లిమెరిక్‌కు పడమరగా, షానన్ నది సముద్రంలో కలిసేచోట దక్షిణపు ఒడ్డున ఫోయిన్స్ అనే చిన్న రేవు ఊరు ఉంది. 1930ల చివర అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటగలిగిన ప్రయాణికుల విమానాలు నేల మీద కాక నీటి మీద దిగి, నీటి మీద నుంచే లేచేవి. వాటిని ఫ్లయింగ్ బోట్లు అనేవారు. 1939 జులైలో పాన్ అమెరికన్ సంస్థకు చెందిన 'యాంకీ క్లిప్పర్' ప్రయాణికులతో ఫోయిన్స్‌లో దిగింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, ఐర్లండు తటస్థంగా ఉండిపోయింది, ఈ మారుమూల రేవు ఐరోపాకూ అమెరికాకూ మధ్య ముఖ్యమైన మజిలీ అయింది. విమానం నుంచి దిగినవారిని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. గాలివానలో ఆ కొద్ది దూరమే మనిషిని తడిపి వణికించడానికి సరిపోయేది. అక్కడి భోజనశాలను బ్రెండన్ ఓ'రీగన్ నడిపేవాడు (1947లో షానన్ విమానాశ్రయంలో ప్రపంచంలోనే మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణాన్ని తెరిచినవాడు కూడా ఈయనే). టైరోన్ జిల్లాలోని కాజిల్‌డెర్గ్ ఊరివాడైన జో షెరిడాన్ ఆయన దగ్గర వంటశాల పెద్ద.

ఫోయిన్స్‌లో చెప్పుకునే కథ ఇది. 1943 చలికాలంలో ఒక రాత్రి అమెరికా వైపు బయలుదేరిన విమానం, వాతావరణం అనుకూలించక కొన్ని గంటల ప్రయాణం తర్వాత వెనక్కి తిరిగి వచ్చింది. చలికి బిగుసుకుపోయిన ప్రయాణికులకు వేడిగా ఏదైనా ఇవ్వమని కబురు రాగా, షెరిడాన్ కాఫీలో విస్కీ కలిపి ఇచ్చాడు. ఇది బ్రెజిల్ కాఫీయా అని ఒకరు అడిగితే, కాదు, ఐరిష్ కాఫీ అన్నాడట. ఆ సంభాషణ మాటకు మాట అలాగే జరిగిందని నేను పట్టుబట్టను; ఇటువంటి కథలన్నిటికీ చివర ఒక చమత్కారం అతికించినట్టు ఉండడం మామూలే. కానీ మనిషీ, చోటూ, కాలమూ ఖాయం. పాత టెర్మినల్ భవనంలోనే ఇప్పుడు మ్యూజియం ఉంది, అందులో ఆనాటి ఫ్లయింగ్ బోటు బోయింగ్ 314 పూర్తి పరిమాణపు నమూనా ఉంది. అటువైపు వెళ్లేవారు తప్పక చూడదగ్గది.

ఇక్కడ ఒక్క మాట. కాఫీలో మద్యం కలపడాన్ని షెరిడాన్ కనిపెట్టలేదు. స్పెయిన్‌లో బ్రాందీతోనో రమ్ముతోనో చేసే కరహియో ఉంది. ఉత్తర జర్మనీలో రమ్ము పోసిన కాఫీ మీద గిలకొట్టిన క్రీమ్ వేసే ఫరిసేయర్ 19వ శతాబ్దం నాటిదే. పాదిరిగారికి రమ్ము వాసన తగలకుండా క్రీముతో కప్పారని దాని వెనక ఒక కొంటె కథ చెబుతారు. షెరిడాన్ చేసిన పని వేరు. తీపి కలిపిన వేడి కాఫీ, విస్కీ కింద ఉండాలి, చల్లటి క్రీమ్ పైన కలవకుండా నిలవాలి, ఆ చల్లదనం గుండా వేడిని తాగాలి అన్నది అతను పెట్టిన పద్ధతి. ఐరిష్ కాఫీ అంటే నా దృష్టిలో ఆ పద్ధతే తప్ప అందులోని విస్కీ కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో మాటకు వస్తే, 1945లో ఫ్లయింగ్ బోట్ల కాలం ముగిసి రాకపోకలు షానన్ విమానాశ్రయానికి మారాయి, షెరిడాన్ పానీయం కూడా అక్కడికి చేరింది. 'శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్' పత్రికలో యాత్రా కథనాలు రాసే స్టాంటన్ డెలాప్లేన్ షానన్‌లో దాన్ని రుచి చూసి, తన ఊళ్లోని బ్యూనా విస్టా కెఫే యజమాని జాక్ కెప్లర్‌కు చెప్పాడు. 1952 నవంబరు 10 రాత్రి ఇద్దరూ కూర్చుని అదే రుచి రప్పించాలని చూశారు. రుచి దగ్గరికి వచ్చింది కానీ క్రీమ్ మాత్రం మీకు మునిగినట్టే మునిగింది. చివరికి, తర్వాత ఆ నగరానికి మేయరైన డెయిరీ యజమాని జార్జ్ క్రిస్టఫర్ సలహాతో, క్రీమును 48 గంటలు నిలవ ఉంచి, తగినంత మాత్రమే నురగ వచ్చేలా గిలకొడితే తేలుతుందని తేలింది. అంటే పుట్టింది ఐర్లండులో, అమెరికాకు అలవాటైంది బ్యూనా విస్టాలో. కొంతకాలానికి షెరిడాన్ కూడా అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఫ్రీమాంట్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కెఫే చూశాను. బార్ మీద గ్లాసులు వరుసగా పేర్చి, చక్కెర బిళ్లలు వేసి, సీసా పైకెత్తకుండా వరుస పొడవునా విస్కీ పోసుకుంటూ పోతారు. ఆ చేతివాటం చూడ్డానికే జనం నిలబడతారు.

ఇక మీ క్రీమ్ సంగతి. మునిగిపోవడానికి కారణం సాంద్రత. నీరు వేడెక్కిన కొద్దీ తేలికవుతుంది: చల్లటి నీటి సాంద్రత 1 అనుకుంటే, 70 డిగ్రీల దగ్గర అది సుమారు 0.978. 40 శాతం ఆల్కహాలున్న విస్కీ సాంద్రత ఇంకా తక్కువ, దాదాపు 0.95. ఫ్రిజ్ నుంచి తీసిన పల్చటి క్రీమ్ చల్లటి నీటికి దగ్గరగా ఉంటుంది. అంటే పైన తేలాలని మనం ఆశించే పదార్థమే కింది ద్రవం కన్నా బరువు! మరి మునగక ఏం చేస్తుంది? దీనికి విరుగుడు రెండు వైపుల నుంచీ చేయాలి. కింద పంచదార కరిగించి కాఫీని బరువెక్కించాలి, పైన క్రీములోకి కొంత గాలి ఎక్కించి దాన్ని తేలిక చేయాలి. చాలామంది పంచదారను తీపి కోసమే అనుకుని, ఆరోగ్యం పేరుతో తగ్గించేస్తారు లేదా స్వీటెనర్ బిళ్ల వేస్తారు. బిళ్ల తీపినిస్తుంది కానీ బరువునివ్వదు. మేము బార్‌లో పంచదార వద్దన్నవారికి క్రీమును మరికాస్త ఎక్కువ గిలకొట్టి వేసేవాళ్లం, అయినా అంచు దగ్గర త్వరగానే చెదిరేది.

చేసే తీరు చెబుతాను. కాడ ఉన్న చిన్న గాజు గ్లాసు, 180 నుంచి 200 మిల్లీలీటర్ల లోపుది తీసుకోండి. పెద్ద మగ్గులో చేస్తే కాఫీ ఎక్కువై మిగతావన్నీ పలుచబడతాయి. గ్లాసును ముందుగా వేడినీళ్లతో నింపి కాసేపు ఉంచి పారబోయండి. లేకపోతే చల్లటి గాజు కాఫీ వేడిని సగం లాగేస్తుంది. అందులో రెండు చెంచాల గోధుమరంగు పంచదార, దాని మీద 120 మిల్లీలీటర్ల చిక్కటి బ్లాక్ కాఫీ పోసి, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా తిప్పండి. తొందరపడకూడని చోటు ఇదే. తర్వాత 40 మిల్లీలీటర్ల ఐరిష్ విస్కీ పోసి ఒకసారి కలపండి. విస్కీ పోశాక మళ్లీ పొయ్యి మీద పెట్టకండి, వాసనంతా పోతుంది. ద్రవం తిరగడం పూర్తిగా ఆగిన తర్వాత, చెంచాను తిరగేసి దాని వీపును కాఫీకి తాకీతాకనట్టు పట్టుకుని, చల్లటి క్రీమును దాని మీదుగా మెల్లగా జారవిడవండి. ఒక వేలు మందాన పైన నిలిస్తే చాలు.

క్రీమును ఎంత గిలకొట్టాలన్నదే అందరూ తడబడే విషయం. కేకు మీద పెట్టేంత గట్టిపడితే అది ముద్దగా తేలుతుంది, తాగేటప్పుడు పెదవికి క్రీమ్ ఒక్కటే తగులుతుంది. గరిట నుంచి దోసెల పిండి జారినట్టు జారాలి. బార్‌లో నాకు పని నేర్పిన పెద్దాయన మిషను వాడేవాడు కాదు, మూత గట్టిగా ఉన్న సీసాలో సగానికి క్రీమ్ పోసి కుదిపేవాడు. మొదట గలగలమన్న శబ్దం మందగించి బరువుగా మారగానే ఆపేయమనేవాడు. ఇంట్లో కూడా ఇదే మంచి పద్ధతి, ఎలక్ట్రిక్ బీటరుతో హద్దు దాటడం క్షణంలో పని.

మీరు హైదరాబాదులో ఉన్నానన్నారు కనుక అక్కడి సరుకుల గురించి. పెట్టెల్లో దొరికే మామూలు ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది, ఎంత కుదిపినా అందులో గాలి నిలవదు. మీ క్రీమ్ మునగడానికి బహుశా ఇదే అసలు కారణం. పెట్టె మీద కొవ్వు శాతం చూసి, 30 దాటిన పాల క్రీమును కొనండి, 35 అయితే మరీ మంచిది. బేకరీలవాళ్లు వాడే, నూనెలతో చేసిన తీపి టాపింగ్ తేలడానికి తేలుతుంది కానీ నాలుకకు జిడ్డు అంటుకుంటుంది. నేనైతే దానికన్నా క్రీమ్ లేకుండా తాగడమే మేలంటాను. ఇంట్లో కాచిన పాల మీగడ ఇందుకు పనికిరాదు, తరకలు తరకలుగా విడిపోతుంది. కాఫీకి ఫిల్టర్ డికాక్షన్ చక్కగా సరిపోతుంది, కాకపోతే చికోరీ కలవని పొడి కావాలి. అరకు కాఫీ పొడితో తీసిన మొదటి డికాక్షనుకు సమానంగా మరిగిన నీళ్లు కలిపితే విస్కీకి దీటుగా నిలిచే కాఫీ వస్తుంది. బెల్లం వేయవచ్చా అని కూడా అడిగారు. సాంద్రత వరకు ఇబ్బంది లేదు, క్రీమ్ తేలుతుంది, కానీ పానకం వాసన ముందుకొచ్చి విస్కీ వెనక్కి పోతుంది. విస్కీ విషయంలో, సాధారణంగా మూడుసార్లు బట్టీ పట్టి, పొగ వాసన లేకుండా చేసే ఐరిష్ రకమే కాఫీతో సర్దుకుంటుంది. పొగ వాసన ఘాటుగా ఉండే స్కాచ్ కాఫీ చేదుతో తగవు పెట్టుకుంటుంది.

వడ్డించేటప్పుడు చెంచా, స్ట్రా ఇవ్వకండి. ఇస్తే అతిథులు అలవాటు కొద్దీ కలిపేస్తారు. కాఫీ ఉంది కదా, మత్తు ఎక్కదనుకుని కారు తాళాలు తీసేవారు ఉంటారు, వారిని మాత్రం ఆపండి. కెఫీన్ నిద్రను ఆపుతుందే కానీ ఒంట్లోని ఆల్కహాలును తగ్గించదు. మిగిలిన క్రీమును అదే సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్లీ రెండు మూడుసార్లు కుదిపి వాడుకోవచ్చు.