మందూ మాకూ: పాఠకుల ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మద్యం వ్యసనం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పల్లెల్లో తాగుడు ఏ మేరకుందో కొలిచే ఆడిట్ ఫారం నింపిస్తున్నా. అరవై దాటినవాళ్లకి మార్కులు మరీ తక్కువ వస్తున్నాయి. ఇంట్లో ఆడవాళ్లేమో వేరే కథ చెబుతున్నారు. గైడు గారు ‘ఫారంలో ఏముంటే అదే రాయి’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అదే రాయమ్మా, గైడు గారి మాటలో తప్పు లేదు. కాకపోతే ఫారం పక్కన ఇంకో కాగితం పెట్టుకో.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు నెల్లూరు వైపు ఓ ఊళ్లో ఒక తాతని ‘రోజుకి ఎన్ని గ్లాసులు?’ అనడిగా. ‘ఒకటే తల్లీ’ అన్నాడు. ఒకటని రాసేసుకున్నా. పక్కనే కూచున్న మా మేడమ్ ‘ఆ గ్లాసు ఓసారి తెప్పించండి పెద్దాయనా’ అంది. మనవరాలు లోపల్నించి మజ్జిగ తాగే పెద్ద స్టీలు గ్లాసు పట్టుకొచ్చింది. మేడమ్ సంచిలోంచి దగ్గు మందు కొలిచే మూత తీసి, నీళ్లు కొలిచి అందులో పోస్తూ కూచుంది. ఇరవై మూతలు దాటాక నేను లెక్కపెట్టడం మానేశాను. తాత మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఆనాటి నుంచి కొలత మూత లేకుండా నేను ఫీల్డుకి పోలేదు, నా దగ్గర చేరిన పిల్లల్నీ పోనివ్వలేదు.

ఆడిట్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన పది ప్రశ్నల ఫారం. 40 మార్కులకి 8 వచ్చాయంటే జాగ్రత్త పడాలి. రెండో ప్రశ్న ‘ఎన్ని డ్రింకులు?’ మన దగ్గర ఒక డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాలు, సుమారు 30 మిల్లీలీటర్ల విస్కీ. ‘ఒక్క క్వార్టరే’ అన్నవాడు ఆరు డ్రింకులు తాగినట్టు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా దగ్గర దగ్గర నాలుగు. కల్లు తాగేవాడైతే ‘నేను మందు ముట్టను’ అంటాడు. అతని లెక్కలో అది అబద్ధం కాదు.

ఇక వయసు సంగతి. ‘తాగుడు వల్ల చెయ్యాల్సిన పని చెయ్యలేకపోయావా?’ అని అయిదో ప్రశ్న. అరుగు మీద కూచుని పొద్దు గడిపే మనిషికి ఎగ్గొట్టడానికి పనేముంది? సున్నా పడుతుంది. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన జబ్బుల పుస్తకం) ప్రకారం ఏడాదిలో 11 లక్షణాల్లో రెండు కనిపిస్తే వ్యసనం కింద లెక్క. అందులో ఒకటి, ఎక్కాలంటే మునుపటికంటే ఎక్కువ తాగాల్సి రావడం. వయసు పైబడితే ఒంట్లో నీటిశాతం తగ్గుతుంది, అదే పెగ్గు ఇంకా గట్టిగా ఎక్కుతుంది. ‘ఇదివరకంత తాగట్లేదమ్మా, కొంచేనికే ఎక్కేస్తోంది’ అంటాడు. అదీ సున్నాయే. ఈ ప్రశ్నలు రాసినవాళ్ల మనసులో నడివయసు ఉద్యోగస్తుడు ఉన్నాడని నా అనుమానం. అందుకే ఈమధ్య ఎక్కడన్నా పడ్డాడా, బీపీకీ షుగరుకీ నిద్రకీ ఏం మాత్రలు వేసుకుంటున్నాడు, ఇవి విడిగా రాసుకో. ఆయన ఒప్పుకుంటే ఇంటావిడ మాట కూడా రాసుకో, కానీ వేరే గడిలో. రెంటినీ కలిపి మార్కులు వెయ్యకు.

‘ఏ సంవత్సరంలో మొదలుపెట్టారు?’ అని మాత్రం అడక్కు, ఎవరికీ గుర్తుండదు. ‘సారా బందయ్యాకా, ముందా?’ అనడుగు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీదికి లేచారు, 1993 అక్టోబరు 1న సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఇప్పుడు అరవై అయిదేళ్లున్నాయన అప్పటికి ముప్పై దాటినవాడు. ‘ఆ రెండేళ్లూ మానేశానమ్మా’ అంటే అది కోలుకోవడమా, దుకాణం మూతపడటమా? అమెరికాలో తాగుడు ఇరవైల్లో పెరిగి తరవాత తగ్గుతుందని గీసిన గీతని తెచ్చి ఈయన మీద పరిస్తే ఎలా సరిపోతుంది? అక్కడి హార్వర్డు యూనివర్సిటీ వాళ్లు 1938 నుంచి అవే మనుషుల్ని పట్టుకుని ఏళ్ల తరబడి అడిగారు. మనం ఒక్క పూట వెళ్లి నలభై ఏళ్ల సంగతి అడుగుతాం. నీ థీసిస్‌లో ఈ ఇబ్బందికి ఒక అధ్యాయం ఇవ్వు. గైడు గారు వద్దంటే ఈ పత్రిక చూపించు.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా ఆయనకి 63. ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతారు, ఇప్పుడు క్వార్టరు పైమాటే. వచ్చేవారం అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారే మానేస్తానంటున్నారు. మంచిదేనా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: మాల వెయ్యనివ్వండి, కానీ దానికి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్నేళ్ల అలవాటు ఒక్కసారిగా ఆపితే తొలిరోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండ్రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేని మనుషులు కనబడటం, మతి తప్పడం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. మాలలో ఉండగా ఇలా అయితే ‘స్వామికి పూనకం’ అనుకుని ఆలస్యం చేస్తారు, నేను కళ్లారా చూశాను. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించి, బీ1 విటమిన్ సంగతి కూడా అడగండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులేం పడవు.

ప్రశ్న: మేడమ్, కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. నా మొదటి విద్యార్థిని చాలా తెలివైనది. కానీ తాగుడు మాన్పించే డీఎడిక్షన్ వార్డులో ఇంటర్వ్యూలంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటోంది. గట్టిగా చెప్పాలా?
– ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: నేను గట్టిగానే చెప్పాను బాబూ, పదిహేనేళ్ల కిందట. ఆ అమ్మాయి వార్డుకి వెళ్లింది. మూడో మంచం దగ్గర కూచుని, పేషెంటు చెబుతుంటే పెన్ను మూత పెట్టడం, తియ్యడం, పెట్టడం. గంటలో పేజీ మీద పేరూ వయసూ తప్ప ఏమీ పడలేదు. వాళ్ల నాన్న తాగి పోయాడని ఏడాది తరవాత వేరేవాళ్లు చెబితే తెలిసింది నాకు. పక్కవాడి ఇంటి గుట్టు అడగడం నేర్పేదాన్ని, నా ఎదురుగా ఉన్న పిల్లని చూసుకోలేకపోయాను.

అప్పట్నుంచి ఎవరు చేరినా మొదటిరోజే చెప్పేస్తున్నా: వార్డు వద్దనుకుంటే నెల్లాళ్లు డేటా పని తీసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, పరిశోధన పేపర్లో పేరు ఎక్కడికీ పోదు. ‘మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా?’ అని మాత్రం అడగను. గైడు అడిగితే పిల్లలు కాదనలేక చెప్పేస్తారు, అది సమ్మతి కాదు.

వంకలు వినడం మానేసి రేపే ఆ మాట చెప్పండి. సోమవారం ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఇవ్వండి. నా ఆనాటి విద్యార్థిని కొన్నాళ్లకి తనే వచ్చి వార్డు డ్యూటీ అడిగింది. మీ అమ్మాయి ఎప్పటికీ అడక్కపోవచ్చు. లెక్కలు చేసేవాళ్లు కూడా మనకి కరువే.