నాన్నకు పార్కిన్‌సన్స్, ఎల్లుండి ఆపరేషన్: ఎంత పంపాలి?

నరసన్నపేట నుంచి ఈమధ్యే డల్లాస్ వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు, వైజాగ్‌లో ఆపరేషన్. డబ్బు సంగతి తర్వాత తమ్ముడూ. ముందు ఆయన లెవోడోపా మాత్ర, అదే పార్కిన్‌సన్స్‌కి వేసే అసలు మందు, ఏయే టైముకి వేసుకుంటారో అమ్మని అడిగి రాసుకో.

మా అయ్యకీ ఇలాగే జరిగింది. రాత్రి నుంచి నోట్లో ఏమీ పెట్టొద్దన్నారని అమ్మ సిండోపా (లెవోడోపా ఉన్న మాత్రే) కూడా ఆపేసింది. ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రానికి మనిషి కొయ్యబారిపోయాడు, గుటక పడలేదు. పైగా వాంతులు ఆగడానికి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒంటి కదలికల్ని నడిపించే డోపమైన్ అనే మెదడు రసాయనం పార్కిన్‌సన్స్‌లో అసలే తగ్గిపోయి ఉంటుంది, దాని పనిని ఈ ఇంజెక్షన్ ఇంకా అడ్డుకుంటుంది. ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. చివరికి ఎముక ఖర్చుకంటే ఐసీయూ బిల్లే ఎక్కువైంది. నేనేమో ఇక్కడ కూర్చుని ఇంప్లాంట్ ధర బేరమాడుతున్నాను!

అందుకే మత్తు డాక్టరుతో నువ్వే ఫోన్‌లో మాట్లాడు. ఆపరేషన్ రోజు కూడా గుక్కెడు నీళ్లతో మాత్ర వెయ్యొచ్చా, మింగలేకపోతే ముక్కు గొట్టంలోంచి ఇస్తారా అని అడుగు. సీఆర్ మాత్రని (మెల్లగా కరిగే రకం) మాత్రం నలగ్గొట్టకూడదు. మెటోక్లోప్రమైడ్, కంగారు తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ వద్దని పెద్దక్షరాలతో కాగితం రాయించి కేస్‌షీట్‌కి పిన్ చేయించు. రసాగిలిన్ (పార్కిన్‌సన్స్‌కే ఇంకో మందు) వాడుతుంటే అదీ చెప్పాలి, దానితో ట్రమడాల్, పెథిడిన్ అనే నొప్పి మందులు ప్రమాదం. రెండు మూడు రోజులు ఆయన పొంతన లేకుండా మాట్లాడితే పిచ్చి పట్టిందని ఇంట్లోవాళ్లు బెదిరిపోవద్దు. ఆపరేషన్ తర్వాత ఈ జబ్బువాళ్లకి అలా కావడం మామూలే. డాక్టరుకి మాత్రం వెంటనే చెప్పాలి.

ఇప్పుడు డబ్బు. ప్యాకేజీ ఒక్కటే చూసుకోకు. రాత్రీ పగలూ ఇద్దరు మనుషులు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు, చెకప్‌కి వైజాగ్ వెళ్లినప్పుడల్లా వంద కిలోమీటర్ల పైచిలుకు కారు. నెలల తరబడి కారిపోయే డబ్బు ఇదే. కొత్తగా ఆరోగ్య బీమా పాలసీ తీసుకుంటే పాత జబ్బుకి మూడేళ్ల వరకు ఆగమనొచ్చు. 2024కి ముందు నాలుగేళ్లు.

ఇక్కడికి తెచ్చేసుకుంటాననకు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు సాధారణంగా పాత జబ్బుకి కట్టవు. గ్రీన్‌కార్డు వచ్చినా, ఇక్కడ ఉద్యోగం చేసిన చరిత్ర లేని తల్లిదండ్రులు డబ్బు కట్టి మెడికేర్‌లో (పెద్దవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) చేరాలంటే 65 నిండడంతో పాటు, అప్పటికి వరుసగా ఐదేళ్లు ఇక్కడే ఉండి ఉండాలి.

మాత్రల టైములు రాశాక నాకు పంపు. రాత్రికి మీ అమ్మగారితో నేనూ మాట్లాడతాను.