రిబ్కా చేసింది కదా అంటున్నారు

చెల్లెమ్మా,

చదివేవాళ్ల కోసం మీ ఉత్తరంలో ఉన్నది ముందు చెప్పేస్తాను. పెళ్లయి 32 ఏళ్లు. ఊళ్లో ఇల్లు మీవారి స్వార్జితం. పెద్దాడు తండ్రి పక్కనే ఉండి ఎరువుల కొట్టు చూసుకుంటాడు, ఆయనకు వాడంటే ప్రాణం. మీకు చిన్నాడు. ఇల్లు పెద్దాడి పేర రాస్తానని ఆయన ఫోన్లో ఎవరితోనో అంటుంటే మీరు తలుపు చాటున విన్నారు. ఆయనకు చూపు మసక. బ్యాంకు కాగితాలని చెప్పి, చిన్నాడి పేర రాయించిన వీలునామా మీద సంతకం పెట్టించుకోవాలని మీ ఆలోచన. "చిన్నాడే ఈ ఇంటిని నిలబెడతాడని ప్రార్థనలో దేవుడు చూపించాడు. రిబ్కా కూడా ఇలాగే చేసింది కదా, నేను చేస్తే పాపమా?" అని అడిగారు. బైబిల్లో రిబ్కా ఇస్సాకు భార్య. చూపు మందగించిన మొగుడు పెద్దకొడుకు ఏశావుకు ఇవ్వబోయిన దీవెనను, చిన్నకొడుకు యాకోబు చేతులకు మేకతోళ్లు చుట్టి, వాడే ఏశావని నమ్మించి వాడికి ఇప్పించింది.

పాపమో కాదో మీ పాస్టరు గారిని అడగండి. మోసంతో పెట్టించిన సంతకం కోర్టులో నిలవదని మాత్రం నేను చెప్పగలను. పెద్ద కోడలి గురించి రాసిన ఒకటిన్నర పేజీ చదివి పక్కన పెట్టాను. ఈ గొడవలో ఆ పిల్ల ఎక్కడా లేదు.

మీరే రిబ్కా పేరెత్తారు కాబట్టి, ఆదికాండం 24 నుంచి 28 దాకా ఒకసారి వరసగా చదవండి. ఎంత బాగా మొదలైన కాపురం! ముక్కూ మొహం తెలియని మనిషి కోసం "వెళ్తాను" అని ఒక్క మాట చెప్పి ఒంటె ఎక్కింది. తల్లి పోయిన దుఃఖం ఇస్సాకుకు ఆమె వల్లే తీరింది. పెళ్లినాటికి ఆయనకు 40, కవలలు పుట్టేసరికి 60. పిల్లలు లేరని భార్య కోసం ప్రార్థన చేశాడే గానీ, వాళ్ల నాన్న అబ్రాహాములా దాసి ద్వారా బిడ్డను కన్నట్టు లేదు.

మరి ఎక్కడ చెడింది? కడుపులో పిల్లలు పెనుగులాడుతుంటే ఆమె దేవుణ్ణి అడిగింది. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని జవాబు వచ్చింది. ఆ సంగతి మొగుడికి చెప్పినట్టు ఎక్కడా లేదు. మీరు చెప్పారా? ఉత్తరంలో అయితే లేదు. ఆయనకు ఏశావు తెచ్చే వేటమాంసం ఇష్టం, ఆమెకు యాకోబు. ఇల్లు రెండు జట్లయింది. ఇన్నేళ్ల కాపురంలో ఇస్సాకు భార్యతో అన్న మాట ఒక్కటీ రాసి లేదు. ఆమె ఆయనతో అన్నది ఒకే ఒక్కసారి, అదీ అంతా అయిపోయాక, 27వ అధ్యాయం చివరి వచనంలో. హేతు కుమార్తెల వల్ల (ఏశావు భార్యలు ఆ జాతివాళ్లే) ప్రాణం విసిగిపోయింది, యాకోబు కూడా అలాంటి పిల్లను చేసుకుంటే నేనెందుకు బతకాలి అంది. ఏశావు తమ్ముణ్ణి చంపుతానంటున్న సంగతి అప్పుడూ దాచింది.

ఇప్పుడు ఆ తర్వాతి వచనం చూడండి. ఆయన యాకోబును పిలిపించాడు. అబ్రాహాముకు దక్కిన ఆశీర్వాదం నీకు దక్కాలని, ఈసారి ఎవరో తెలిసే, దీవించాడు. భార్య నోరు తెరిచి ఒక్క మాటంటే కదిలిన మనిషి. ఆ మేకతోళ్ల నాటకం ఎందుకమ్మా మరి?

దానివల్ల ఏం ఒరిగింది? దీవెన దక్కిన కొడుకు ఒట్టి చేతికర్రతో యొర్దాను నది దాటాడు. "కొన్నాళ్లు" అని తల్లి పంపితే 20 ఏళ్లు మామ కింద చాకిరీ చేశాడు. తల్లీ కొడుకులు మళ్లీ కలిసినట్టు లేదు. ఆమె దాది దెబోరా చావు రాశారు గానీ ఆమె చావు రాయలేదు. ఇక ఏశావు, నాకోసం ఒక్క దీవెనా మిగల్చలేదా నాన్నా అని ఏడ్చే చోట నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మీ పెద్దాడూ మీరు కన్నవాడే. ఉత్తరంలో చిన్నాడి పేరు తొమ్మిదిసార్లు ఉంది, వాడి పేరు ఒక్కసారీ లేదు.

మొగుడు చెప్పినదానికల్లా తలూపమనే మనిషిని కాను నేను. ఆ ఇంట్లో మీ కష్టమూ ఉంది, చిన్నాడి వాటా గురించి ఎదురుగా నిలబడి అడగండి. మీ పుట్టింటి బంగారం మీది. వాడికి ఇవ్వాలనుంటే పెద్దాడి ముందే ఇవ్వండి. కానీ చూపు ఆనని మనిషి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించి, ఆ పూట ఆయనకు అన్నం ఎలా వడ్డిస్తారు?

ఈ వారంలోనే ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శుక్లాలే అయితే ఆపరేషన్ చేస్తారు. మీరిద్దరే వెళ్లండి, కొడుకులెవరూ వద్దు. బెంచీ మీద నంబరు కోసం కూర్చున్నప్పుడు, "మొన్న మీరు ఫోన్లో అన్నది విన్నాను" అని మొదలుపెట్టండి.