మిల్లు మోతకు వినికిడి తగ్గింది, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల (నూలు వడికే యంత్రాల) దగ్గర పదకొండేళ్లుగా పర్మినెంట్ ఉద్యోగిని. వయసు 44. రోజూ 12 గంటల షిఫ్టు. ఏడాదిగా చెవుల్లో ఒకటే హోరు, ఎవరైనా రెండుసార్లు చెబితేగానీ అర్థం కావడం లేదు. మేనేజర్‌ని అడిగితే, "మీటర్ పెట్టి చూశాం, 88 వచ్చింది, 90 దాటలేదు, నీది వయసు వల్ల వచ్చిందే" అంటున్నారు. ఇయర్ ప్లగ్స్ ఇచ్చి డబ్బు జీతంలో కోశారు. ఈఎస్ఐ (కార్మిక బీమా) ఉంది. నేనేం చేయాలి?

జవాబు: ఆ 88 విని వెనక్కి తగ్గకండి. 90 డెసిబెల్స్ అనేది రోజుకు 8 గంటల పనికి పెట్టిన పరిమితి. మోడల్ ఫ్యాక్టరీ రూల్స్ పట్టికలో 95 ఉంటే 4 గంటలు, 100 ఉంటే 2 గంటలు, 115 ఉంటే పావుగంట. అంటే 5 పెరిగినప్పుడల్లా సమయం సగం. అదే లెక్కన కిందికి వస్తే 88కి దాదాపు పదిన్నర గంటలు. మీరు ఉంటున్నది పన్నెండు. పట్టిక 90తోనే మొదలవుతుందని మిల్లు లాయరు అడ్డు చెప్పొచ్చు, చెప్పనివ్వండి. (12 గంటల షిఫ్టు సబబేనా, అదనపు గంటలకు ఓటీ రెట్టింపు ఇస్తున్నారా అన్నది వేరే తగాదా.)

అసలు ఆ 88 ఎక్కడ తీశారు? షెడ్డు గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు మీటర్ పట్టుకుంటే వచ్చే అంకె వేరు, రెండు ఫ్రేముల మధ్య తిరిగే మనిషి చెవికి చేరే మోత వేరు. సరైన కొలత కావాలంటే చెవికి చేరే మొత్తం మోతను లెక్కకట్టే చిన్న డోసిమీటర్‌ను కార్మికుడి భుజం మీద, చెవికి దగ్గరగా తగిలించి షిఫ్టంతా ఉంచాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ సెక్షన్ 14 ప్రకారం మీ ఆరోగ్య భద్రతకు సంబంధించిన సమాచారం యాజమాన్యాన్ని అడిగే హక్కు మీకుంది. ఏ తేదీన, ఎక్కడ, ఎంతసేపు కొలిచారో లిఖితపూర్వకంగా అడగండి. నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర (అందినట్టు ఆఫీసు వేసే ముద్ర) వేయించుకోండి.

వయసు మాటకు జవాబు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్షలో వచ్చే గ్రాఫ్, చెబుతుంది. మోత వల్ల దెబ్బతిన్న చెవికి గ్రాఫ్ సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగి, 8,000 దగ్గర మళ్లీ కొంచెం లేస్తుంది. వయసు వల్లనైతే పై ఫ్రీక్వెన్సీలకు వెళ్లేకొద్దీ దిగుతూనే పోతుంది. షిఫ్టు దిగి నేరుగా పరీక్షకు వెళ్లొద్దు. కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి, లేకపోతే మోతలోంచి రాగానే చెవికి ఉండే తాత్కాలిక మందం వల్లే అలా వచ్చిందంటారు.

ఇక పరిహారం. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. అలాంటి పనిలో ఆరు నెలలు వరుసగా చేసి ఉంటే అది ఉద్యోగం వల్ల వచ్చిందనే భావిస్తారు; కాదని రుజువు చేయాల్సింది అవతలివాళ్లు. మీకు ఈఎస్ఐ ఉంది కాబట్టి డబ్బు అక్కడి నుంచే వస్తుంది, మిల్లు మీద విడిగా పరిహారం కేసు నడవదు. డిస్పెన్సరీ నుంచి ఈఎన్‌టీకి రిఫర్ చేయించుకుని, మెడికల్ బోర్డుకు పంపమని దరఖాస్తు పెట్టండి. బోర్డు శాశ్వత వైకల్యం అని శాతం తేలిస్తే నెలనెలా జీవితాంతం వస్తుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు ఉంది.

ప్లగ్స్ డబ్బు కోయడం మాత్రం నేరుగా చట్టవిరుద్ధం. భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఆ నెల పే స్లిప్ పారేయకండి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చే ఫిర్యాదుకు దాన్నే జతచేయాలి. వీలైతే ఆ ఫిర్యాదు యూనియన్ పేరు మీద వెళ్లనివ్వండి.