స్వెట్టర్ నమూనా ప్రోగ్రామేనా?

ప్రశ్న: నేను స్వెట్టర్ అల్లేటప్పుడు ముందు పెట్టుకునే నమూనా కాగితాన్ని చూసి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి ‘ఇది అచ్చం ప్రోగ్రామే కదమ్మా’ అంటోంది. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: చాలామట్టుకు నిజమేనండీ. అల్లికకు నిట్, పర్ల్ అనే రెండు కుట్లు, కంప్యూటర్‌కు 0, 1 అనే రెండు అంకెలు ఆధారమనే పోలిక పైపైదే. అసలు పోలిక నమూనాలోని నక్షత్రపు గుర్తులో ఉంది. సూది మీద 22 కుట్లు ఎక్కించాక, ‘*2 నిట్, 2 పర్ల్* చివరి 2 కుట్లు మిగిలేదాకా, ఆపైన 2 నిట్’ అని రాసి ఉంటే, నక్షత్రాల నడుమ భాగాన్ని మీరు 5 సార్లు అల్లుతారు. కంప్యూటర్‌కు ఆదేశాలు రాసే ప్రోగ్రామర్లు, ఇలా ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చేయించడాన్నే లూప్ అంటారు. పొరపాటున 23 ఎక్కించారనుకోండి, వరస చివర ఒక కుట్టు అదనంగా తేలుతుంది. మీరైతే తప్పు పసిగట్టి సర్దుకుంటారు, కంప్యూటర్‌కు ఆ ఇంగితం ఉండదు. నేతలో ఈ చుట్టరికం ఇంకా పాతది: ఫ్రాన్స్‌లో 1804 నాటి జకార్డ్ మగ్గం, అట్టలకు పొడిచిన రంధ్రాలను బట్టి పోగులను ఎత్తి డిజైను నేసేది, ఆ అట్టల పద్ధతినే ఆంగ్లేయ గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రపు ప్రణాళికలోకి తీసుకున్నాడు.